మా ఊరి పాతాళ రైలు

ఈసారి సంచికకు నువ్వేదైనా రాసి తీరాలని సంపాదక మిత్రుడు పట్టుబట్టాడు. ఏం రాయమంటావని అడిగితే, "ఏదైనా ప్రయాణం గురించి రాయి, మనవాళ్ళు ఇష్టంగా చదువుతారు" అన్నాడు. నేను తిరిగిన ఊళ్ళు తక్కువ. కాశీ చూడలేదు, కాశ్మీరం చూడలేదు. రామగుండం స్టేషన్లో రైలెక్కి కొత్తగూడెంలో దిగడం, సెలవులకు మళ్ళీ అదే దారిన ఇంటికి పోవడం, ఇదే నా దేశాటనం. అయితే ఒక ప్రయాణం గురించి మాత్రం రాయగలను. దాని దూరం కిలోమీటరు పైచిలుకు. పట్టే సమయం పావుగంటకు కొంచెం ఎక్కువ. అందులో కిటికీ లేదు, టిక్కెట్టు లేదు, సీటు కోసం పక్కవాడితో తగువు లేదు. మా గోదావరిఖనిలో ఎందరో రోజూ చేసే ప్రయాణమే అది. నేను మాత్రం ఇరవై ఏళ్ళు నిండిన తర్వాత గాని చేయలేదు.

దీనికి ముందు కథ ఒకటుంది. కిందటి దసరా సెలవుల్లో హైదరాబాదులో మా చిన్నమ్మ కొడుకు నన్ను మెట్రో రైలెక్కించాడు. 2017 నవంబరులో మియాపూరు నుంచి నాగోలు దాకా మొదటిసారి నడిచిన ఆ బండి స్తంభాల మీదనే పోతుంది. చల్లటి పెట్టెలో నిలబడి, కింద అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళను చూసి జాలిపడటం గొప్ప సుఖం సుమా! ఇంటికొచ్చి ఆ సంగతులన్నీ బాపుకు వర్ణించాను. ఆ ఊపులో కలకత్తా సంగతి కూడా ఎత్తుకున్నాను.

"అక్కడైతే 1984 నుంచే భూమి లోపల్నుంచి పోతది బాపూ రైలు. లండన్ల 1863లనే మొదలైందట. పొద్దున్నే జనమంత మెట్లు దిగి భూమి కిందికి పోయి, అట్లనే పనులకు పోతరు."

బాపు అన్నం ముద్ద చేతిలో పట్టుకొనే నవ్వాడు. "మరి నేను ముప్పై ఏండ్ల సంది యాడికి పోతున్న బిడ్డా?"

నాకు జవాబు తోచలేదు. బాపు ఎక్కడికి పోతాడో చిన్నప్పటినుంచి తెలుసు. బాయికి పోతాడు. కాని ఎట్లా పోతాడో ఏనాడూ అడగలేదు. మైనింగు చదువుతున్నవాణ్ణి, హాలేజి రోపు బలం ఎంతో లెక్కకట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నా కన్నతండ్రి రోజూ పనికి పోయే దారి ఎరగను!

గోదావరిఖని తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టడం, 1889లో తవ్వకం మొదలు కావడం, 1920లో కంపెనీకి సింగరేణి పేరు రావడం, ఇవన్నీ మన పాఠాల్లో ఉన్నవే. గోదావరి ఒడ్డున మా దిక్కు గనులు తెరిచింది చాలా తర్వాత, 1960 ప్రాంతంలో. ఖని వచ్చాక ఊరొచ్చింది. అందుకే ఊరి పేరులోనే ఖని ఉంది. మా దగ్గర చిరునామాలు కూడా గని నంబర్లతోనే నడుస్తాయి. 'ఎయిట్ ఇంక్లైన్ కాలనీ' అని రాసిన ఉత్తరం నేరుగా ఇల్లు చేరుతుంది. ఇంక్లైన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే సొరంగమని అక్కడి చిన్నపిల్లలకు బడిలో చేరకముందే తెలుసు.

మొదటి షిఫ్టు ఏడింటికి. అవ్వ నాలుగున్నరకే లేస్తుంది. సద్ది కడుతుంది. బాపు తయారై గడప దాటేటప్పుడు 'పోతున్న' అనడు, 'పోయొస్త' అంటాడు. అవ్వ 'పైలం' అంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు మాటలు మారలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. నేను పుట్టకముందు మాట. ఆ రోజు బాపు పనిచేస్తున్నది వేరే గనిలో. ఆ సంగతి తెలిసి కూడా అవ్వ ఆయన వచ్చేదాకా గడప మీదనే కూచున్నదట. బాపు చెప్పకుండా బజారుకు పోతే కూడా ఆమెకు కోపం ఎందుకొస్తుందో నాకు పెద్దయ్యాక అర్థమైంది.

గత వేసవిలో మా తరగతికి గని శిక్షణ పడింది. నాకు దొరికింది సరిగ్గా బాపు పనిచేసే గని. అదే నెలలో మా ఇంట్లో ఇంకొక మాట నలుగుతున్నది. బొగ్గుబావుల ఇళ్ళల్లో పుట్టినవారికి వివరించనక్కరలేదు. మిగిలినవారికి చెబుతాను. గని కార్మికుడు ఇక పనికి తగడని మెడికల్ బోర్డు తేల్చితే అతని కొడుక్కో కూతురికో ఉద్యోగం ఇస్తారు. ఇదివరకు దీన్ని వారసత్వ ఉద్యోగం అనేవారు. 2017లో హైకోర్టు ఆ ప్రకటనను కొట్టివేశాక వారసత్వం అనే మాట పోయి కారుణ్యం అనే మాట వచ్చింది. మా మేనమామ ఆ కాగితాలు పట్టుకొని వచ్చాడు. "బావా, నీకు మోకాళ్ళ నొప్పులున్నయి. ఒకసారి బోర్డుకు పోయి రా. పోరనికి నౌకరి అయితది. ఇంజినీరింగు చదివినోళ్ళు ఎందరు ఖాళీగ తిరుగుతలేరు?" అన్నాడు.

దాచకుండా చెబుతాను. నాకూ ఆశ పుట్టింది. నాతో ఇంటర్ చదివిన ఒకడు బదిలీ వర్కరుగా చేరి రెండేళ్ళయింది. వాడి చెల్లెలి పెళ్ళి వాడే చేశాడు. మరి మన సీనియర్లలో కొందరు పట్టా పట్టుకొని ఏ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో ఈ సంచిక చదివే మనందరికీ తెలుసు. 1990 ప్రాంతంలో సింగరేణి కార్మికులు లక్షకు పైన. ఇప్పుడు 40 వేల దరిదాపు. బొగ్గులో ఎక్కువ పాలు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తున్నది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. దొరికే తలుపు మూసుకుపోకముందే దూరాలని ఎవరికుండదు? బాపు మాత్రం ఆ కాగితాలు దేవుడి పటం వెనక పెట్టి ఊరుకున్నాడు. ఔననలేదు, కాదనలేదు.

అట్లాంటి రోజుల్లో ఒక సోమవారం పొద్దున తండ్రీకొడుకులం ఒకే బండి మీద బాయికి బయలుదేరాం. అవ్వ ఆ రోజు 'పైలం' రెండుసార్లు అనాల్సి వచ్చింది.

గని మీద ముందు మస్టరు పడాలి. తర్వాత ల్యాంపు రూము. ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక ల్యాంపు. షిఫ్టు దిగాక ఏ గూడు ఖాళీగా ఉంటే ఆ నంబరు మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క. ఎంత తేలికైన పద్ధతి! ఎంత భయంకరమైన పద్ధతి! బాపు నడుముకు పట్టా బిగించి, ల్యాంపు తగిలించి, విషవాయువు కమ్మితే నోట పెట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా నాకు కట్టాడు. చిన్నప్పుడు బడికి పంపుతూ చొక్కా గుండీలు పెట్టినట్టే పెట్టాడు. బీడీ, అగ్గిపెట్టె ఏమైనా ఉన్నాయేమోనని జేబులు తడిమి చూశారు. గని పక్కనే మైసమ్మ. అందరూ చెప్పులు విడిచేంత తీరిక లేక దూరం నుంచే చెయ్యెత్తి మొక్కి పోతున్నారు. నేనూ మొక్కాను. పరీక్షలప్పుడు కూడా అంత శ్రద్ధగా మొక్కలేదు.

ఇక మా పాతాళ రైలు. దాని అసలు పేరు మ్యాన్‌రైడింగ్. కాలేజి పుస్తకంలో చైర్‌లిఫ్టు అని బొమ్మ వేసి ఉంటుంది. బొమ్మలో అది బొమ్మలాగే ఉంటుంది! నిజానికి అదేమిటంటే, సొరంగం పొడుగునా పైన ఒక ఇనుప రోపు ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఒక పక్కన కిందికి, ఇంకో పక్కన పైకి. రోపుకు కొంత ఎడంతో ఇనుప కడ్డీలు వేలాడుతుంటాయి. కడ్డీకి సైకిలు సీటంత సీటు, కాళ్ళ కింద ఒక అడ్డకమ్మి. కడ్డీని రెండు కాళ్ళ మధ్య ఇరికించుకొని, చేత్తో పట్టుకొని కూచోవాలి. అంతే. మనిషి వడిగా నడిచినంత వేగంతో భూమిలోకి పోతుంది.

"నేను ముందు కూసుంట. నన్ను చూసి నువ్వు కూసో. కాళ్ళు కమ్మి మీదనే ఉండాలె. చేతులు బయటికి చాపకు" అన్నాడు బాపు. నా వెనక ఒక పెద్దమనిషి. ఆయన బాపుకన్నా ఏడాది రెండేళ్ళు పెద్ద. కాకా అని పిలవమన్నాడు.

మొదట బాగానే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే గని నోరు తెల్లటి పళ్ళెమంత ఉన్నది కాస్తా రూపాయి బిళ్ళంత అయింది. తర్వాత లేదు. పైనుంచి లోపలికి పోయే గాలి వెనక నుంచి చల్లగా తోస్తున్నది. మే నెల ఎండలో గోదావరిఖని మాడిపోతుంటే ఇదేదో మెట్రో పెట్టెలాగే ఉందే అనుకున్నాను. అంతలో ఎదురుగా దీపాలు. రాత్రి షిఫ్టువాళ్ళు పక్క రోపు మీద పైకి వస్తున్నారు. ముఖాలు నల్లగా, కళ్ళు మాత్రం తెల్లగా. ఎదురెదురు రైళ్ళు దాటుకున్నట్టు ఒక్కొక్క మనిషీ మా పక్కనుంచి పోతుంటే, పోయేవాళ్ళు "ఎట్లున్నది లోపల?" అని అడుగుతున్నారు. వచ్చేవాళ్ళు "మంచిగనే ఉన్నది, పోరి" అంటున్నారు. ప్రతి మనిషీ అడుగుతున్నాడు, ప్రతి మనిషీ చెబుతున్నాడు. మెట్రోలో అంతసేపు నిలబడ్డా నన్ను ఒక్కరూ ఒక్క మాట అడగలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ ఆలోచనలో ఉండగానే నా నడుముకున్న డబ్బా జారినట్టనిపించింది. పట్టుకోబోయి పక్కకు ఒరిగాను. ఆసరాకు చెయ్యి చాపితే ఏదో సన్నటి తాడు దొరికింది. గట్టిగా పట్టుకున్నాను.

పాఠకుల్లో మైనింగువాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు. దారి పొడుగునా కట్టి ఉండే ఆ తాడు ఆపద వచ్చినప్పుడు లాగడానికి. ఎవరు ఎక్కడ లాగినా మొత్తం రోపు ఆగిపోతుంది. దాని మీద నేను సెమిస్టరు పరీక్షలో 5 మార్కుల జవాబు రాశాను!

కుర్చీలన్నీ ఒక్కసారిగా ఆగి ఊగాయి. రోపు చప్పుడు ఆగేసరికి ఎక్కడో నీటిచుక్క పడటం కూడా వినిపించింది. "ఎవడ్రా తాడు గుంజింది?" అని కింది నుంచి ఒక కేక. మా వెనక కాకా తాపీగా జవాబిచ్చాడు. "మన కొత్త ఇంజినీరు సాబు. గట్టిగున్నదో లేదో పరీక్ష చేసిండు." సొరంగం పొడుగునా ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఆ మాట, దాని వెంట నవ్వు, కిందిదాకా పాకిపోయాయి. ఎక్కడ లాగారో చూసి, సరిచేసి, పైకి ఫోను చేసి, మళ్ళీ నడిపించేసరికి పది నిమిషాలు పట్టింది. నా జీవితంలో అంత పొడుగైన పది నిమిషాలు లేవు. అంత విలువైనవీ లేవు.

"ల్యాంపు బంద్ చెయ్యి ఒకసారి" అన్నాడు బాపు. ఆర్పాను. ఆయనా ఆర్పాడు. ముందూ వెనకా నలుగురైదుగురు కూడా సరదాకు ఆర్పారు. అమావాస్య రాత్రి చీకటిలో కూడా ఎక్కడో ఒక వెలుగు మిగిలి ఉంటుంది. ఇది ఆ చీకటి కాదు. కళ్ళు తెరిచానో మూశానో నాకే తెలియలేదు. మా కింద ఉన్న బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి అని చదువుకున్నాను. ఆ అడవికి వెలుగు పోయి ఎన్నాళ్ళయిందో ఆ క్షణాన తెలిసింది.

ఆ చీకట్లో కాకా గొంతు వినిపించింది. "ఆగితే ఆగిందిలే. కూసోని ఉన్నం గద. ఈ కుర్చీలు రాకముందు మీ బాపు, నేను ఇదంత నడిచేటోళ్ళం. దిగుడు ఒక లెక్క గాదు. దినమంత పని చేసి, ఒంట్ల పాణం లేనప్పుడు మల్ల ఎక్కుడు చూడు, అదీ అసలు పని. దానికి కూలి లేదు."

నాకు ఒక్కసారిగా మా పాత క్వార్టరు గుర్తొచ్చింది. నేను రెండో తరగతో మూడో తరగతో. సాయంత్రం బాపు బోర్లా పడుకొని "కాళ్ళు తొక్కు బిడ్డా" అనేవాడు. గోడ పట్టుకొని ఆయన పిక్కల మీద నడిచేవాణ్ణి. నాకది ఆట. ఒక్కోరోజు ఆడుకోవడానికి ఆలస్యమవుతుందని విసుక్కునేవాణ్ణి. అయిదడుగులు ముందుకు వేస్తే ఒక అడుగు పైకి లేచే ఈ ఏటవాలును రోజూ ఎక్కి వచ్చిన కాళ్ళని నాకేం తెలుసు? ఇప్పుడు ఆ దారి మధ్యలోనే నేను కుర్చీలో కూచొని వేలాడుతున్నాను.

"బాపూ, మామ తెచ్చిన కాయితాలు..." అన్నాను. వెలుగులో అయితే ఆ మాట ఎత్తేవాణ్ణి కాదు.

కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మోకాళ్ళు నొస్తున్నయి. అబద్ధమెందుకు? కాని పని చేయలేనని రాయించుకునేంత నొస్తలేవు. రేపు ఇంక చేతకాకపోతె నేనే చెప్త. నీ నౌకరి కోసమని నన్ను కుంటోణ్ణి చెయ్యకుండ్రి."

నేను మాట్లాడలేదు.

"బాయి పని చిన్నతనమని అంటలేను. నేను చేసిందదే. దాంతోనే మీరు పెరిగిండ్రు. నీకు బాయి ఇష్టమైతే రా. కాని చదువు నడుమ ఇడిసిపెట్టి నా ల్యాంపు నంబరు మీద రాకు. చదువు ఒడగొట్టుకొని నీ నంబరు మీద రా. రాకపోతె ఇంకో పని చేస్కో."

వెనక కాకా దగ్గాడు. ఆయన కొడుకు బదిలీ వర్కరుగా చేరి నాలుగు నెలలైందని తర్వాత తెలిసింది. ఆయన ఏమీ అనలేదు. ఎవరి ఇంటి లెక్క వారిది. ఏది తప్పో చెప్పగల పెద్దరికం నాకు లేదు. ఇంతలో రోపు ఒక కుదుపు కుదిపి కదిలింది. ల్యాంపులు వెలిగాయి. బాపు వీపు, ఆ వీపు మీద చెమటమరక, ముందు ఎట్లా పోతున్నాయో అట్లాగే పోసాగాయి.

కింద దిగాక కూడా చాలా దూరం నడక ఉంది. ఒకచోట బాపు ఆగి కర్రతో పైకప్పును తట్టి చూపించాడు. గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది. పొర వదిలినచోట డొల్ల కుండ చప్పుడు వస్తుంది. "ఈ చప్పుడు మీ పుస్తకంల ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నది, కాని వినిపించదు అన్నాను. సంతోషించాడు. ఆయన పైకప్పుకు ఆసరాలు పెట్టే సపోర్టుమెన్ జట్టులో తన పనికి పోయాడు. నన్ను ఓవర్‌మెన్ గారికి అప్పగించారు. గ్యాసు 1.25 శాతం మించితే ఏం చేయాలో ఆయన అడిగితే గడగడా చెప్పాను. తాడు సంగతి ఆయనకూ చేరిందని ముఖం చూస్తే తెలిసిపోయింది.

మూడింటికి మళ్ళీ కుర్చీలెక్కాం. ఈసారి ఎదురుగా రెండో షిఫ్టువాళ్ళు దిగుతున్నారు. తెల్లటి ముఖాలు. ముఖం తెలియని ఒకాయన నన్ను చూసి "ఎట్లున్నది తమ్మీ లోపల?" అన్నాడు. "మంచిగనే ఉన్నదన్నా, పోయిరాండ్రి" అన్నాను. ఎంత చిన్న మాట! కాని ఆ మాటను నమ్మి ఆయన లోపలికి పోతున్నాడు.

ఇంటికి పోతుంటే ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపించాయి. 1983లో అక్కడ మొదటి యూనిట్ నడిచింది మొదలు మా గనుల బొగ్గు ప్రత్యేకమైన రైలు దారిన అక్కడికి పోతున్నది, కరెంటై తీగల వెంట ఊళ్ళకు పోతున్నది. హైదరాబాదు మెట్రోలో నేను పడ్డ చల్లటి సుఖంలో ఈ వేలాడే కుర్చీల వాటా ఎంతో లెక్కకట్టలేను. కాని అక్కడ నా పక్కన నిలబడ్డ ఎవరికీ ఆ వాటా సంగతి తెలియదు. నాకు మాత్రం ఏం తెలుసు, మొన్నటిదాకా?

ఆ రాత్రి అవ్వ నన్ను పక్కకు పిలిచి అడిగింది. "ఎట్లుంటదిరా లోపల?" ముప్పై ఏళ్ళు బొగ్గుమసి బట్టలు ఉతికిన మనిషి! 1952 గనుల చట్టం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయకూడదన్నది. 2019లో సాంకేతిక, పర్యవేక్షక పనులకు పగటిపూట అనుమతి ఇచ్చారు గనుక మన తరగతి అమ్మాయిలు రేపు దిగవచ్చు. మా అవ్వకు మాత్రం ఆ దారి నా నోటివెంట వినడమే. కుర్చీ సంగతి, చీకటి సంగతి అంతా చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది. "కూసున్నకాడ పట్టుకునేతందుకు ఏమన్న ఉంటదా?" ఉంటుంది, ఇనుప కడ్డీ ఉంటుంది అన్నాను. "మంచిది" అని లేచి పోయింది.

దేవుడి పటం వెనకనున్న కాగితాలు నేనే తీసి మామకు ఇచ్చి వచ్చాను. ఈ ఉద్యోగం వద్దన్నందుకు రేపు నేను విచారిస్తానేమో. ఈ మూడో సంవత్సరం గడిచి, నాలుగోది కూడా గడిచి, పట్టా చేతిలో పట్టుకొని నిలబడ్డప్పుడు గాని తెలియదు.

భోజనాలయ్యాక బాపు మంచం మీద కాళ్ళు చాపాడు. తొక్కడానికి ఇప్పుడు నా బరువు ఎక్కువ. అందుకని పక్కన కూచొని చేతులతో పిసకసాగాను. ఆయన వద్దనలేదు. కళ్ళు మూసుకొని చాలాసేపు పడుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకొని లేవబోయాను.

"బిడ్డా" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "రేపు మాత్రం ఆ తాడు ముట్టకు."